స్నానానికి ముందు చేప నూనె

వైద్యంలో అన్నింటికంటే తేలికైన పని మందు రాయడం. కలం ఉంటే చాలు. రాసిన మందు సరైన వేళకు, సరైన పద్ధతిలో రోగి కడుపులోకి చేరేదాకా వెంటబడటమే అసలు పని. కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చే పిల్లలకు ఈ మాట చెప్తే బుద్ధిగా తలూపుతారు, ఆ వెంటనే బెల్లు కొట్టి పక్క రోగిని పిలుస్తారు. అందుకే నోటితో చెప్పడం మానేసి రాస్తున్నాను.

నేను నంద్యాలలో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. తొంభైల మొదట్లో అక్కడి ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. వారానికొక రోజు ఆళ్లగడ్డలో చిన్న గది అద్దెకు తీసుకుని రోగులను చూసేదాన్ని. నాకు కప్పిన శాలువాల గురించి ఇక్కడ రాయను, అవి బీరువాలో పురుగులకు బాగానే ఉపయోగపడుతున్నాయి. చేప నూనె క్యాప్సూల్ గురించి రాస్తాను. నవ్వేవాళ్లు నవ్వండి. ఈ వృత్తిలో నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ దాదాపు ఆ ఒక్క మందు దగ్గరే నేర్చుకున్నాను.

పాల రంగు నెత్తురు

రంగయ్య శెట్టికి ఆళ్లగడ్డలో పప్పు దినుసుల అంగడి. నలభై దాటిన మనిషి. తాగడు, బీడీ కాల్చడు, మాంసం వాసన వస్తే వీధి మారిపోయే రకం. తొంభైల చివర్లో ఒక పెళ్లిలో తృప్తిగా భోంచేసి ఇంటికొచ్చాడు. పొట్ట పైభాగాన మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోయింది. గ్యాసనుకుని సోడా తాగించారు. వాంతులు ఆగలేదు. కర్నూలు తీసుకుపోతే క్లోమం వాచిందన్నారు. చాలా రోజులు నోట్లో నీటి చుక్క పోయకుండా సెలైన్ మీదే ఉంచారు. భార్య సుశీలమ్మ ఆ మంచం పక్కనే నేల మీద పడుకుంది.

బతికి బయటపడ్డాక నా దగ్గరికి వచ్చారు. నెత్తురు తీసి గాజు గొట్టంలో కాసేపు నిలబెట్టాం. ఎర్రటిది అడుగుకు దిగింది. పైన తేటగా, లేత పసుపుగా ఉండాల్సిన నీరు చిక్కటి పాలలాగా తెల్లగా ఉంది. ల్యాబులో యంత్రం ఆ పాలను చదవలేకపోతే పలుచన చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. శెట్టి ఆ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది నాదేనా అమ్మా? యాడన్నా మారిపోయిందేమో."

"నీదేనప్పా. బర్రె నెత్తురు మేము తియ్యం."

సుశీలమ్మ నవ్వలేదు. "నెత్తురు ఇట్లెందుకు అయ్యిందమ్మా?" అని అడిగింది.

చెప్పాను. తిన్న నెయ్యీ నూనే కాదు, ఎక్కువైన అన్నమూ చక్కెరా కూడా ఒంట్లో ఒక రకం కొవ్వుగా మారి నెత్తుట్లో తిరుగుతాయి. వాటినే ట్రైగ్లిజరైడ్లు అంటాం. మరీ పెరిగితే పొట్ట వెనక ఉండే క్లోమం తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు శెట్టికి వచ్చిన నొప్పి అదే. "ఇంకోసారి అదే వస్తే నువ్వు మళ్లీ ఇంటికి తిరిగొస్తావన్న నమ్మకం నాకు లేదు" అన్నాను. రోగిని భయపెట్టకూడదని పుస్తకాల్లో ఉంటుంది. భయపడాల్సిన చోట భయపెట్టకపోవడం కూడా మోసమేనని నా అభిప్రాయం.

ఆ రోజే చేప నూనె రాశాననుకోకండి. ఇంట్లో ఎలుక దూరితే ముందు కన్నం వెతకాలి. కొవ్వు పెరిగినప్పుడు షుగరు చూడాలి, థైరాయిడ్ చూడాలి, సారా సంగతి అడగాలి, వాడుతున్న మిగతా మందులేమిటో చూడాలి. శెట్టికి షుగరుందని ఎవరికీ తెలియదు, శెట్టికి అసలే తెలియదు. దాన్ని దారికి తెచ్చాం. నెయ్యి, మిఠాయి, పిండివంటలు మాన్పించాం. కొవ్వు తగ్గించే మాత్ర మొదలుపెట్టాం. చాలావరకు దిగింది, కానీ ప్రమాదం గీత కిందికి రాలేదు. అప్పుడు చేప నూనె క్యాప్సూల్ కూడా జోడించాలని నిర్ణయించాను.

చెప్పకుండా మింగించడం

మా నర్సింగ్ హోమ్ యజమాని పెద్ద డాక్టరు. నాకు పని నేర్పినవాడు. చెయ్యి పట్టుకుంటే జ్వరం ఎంతో చెప్పగలిగేవాడు. మనిషి మంచివాడు, ఒక అలవాటు తప్ప. శాకాహారులకు చేప నూనె రాస్తే అది చేపదని చెప్పేవాడు కాదు.

"శెట్టికి చేప అని చెప్తే మింగుతాడా? బలానికి నూనె గోలీ అను. వానికి ఆయుస్సు, నీకు పుణ్యం. నీకెందుకు ఈ హరిశ్చంద్రుని వేషం?" అన్నాడు.

ఆయన మాటలో తర్కం ఉంది. ఆ తర్కం ఎక్కడిదాకా పోతుందో నేను అంతకు ముందే చూశాను. పోస్టాఫీసులో గుమాస్తాగా పనిచేసే ఒకాయనకు పెద్ద డాక్టరు అట్లాగే బలం గోలీ అని చెప్పి మింగించాడు. డబ్బాలోని కాగితాన్ని ఆయన కూతురు చదివింది. ఆయన మా మీద అరవలేదు, అసలు రానే లేదు. చేప నూనెతో పాటు మేమిచ్చిన బీపీ మాత్రలు కూడా కాలవలో పారేశాడు. మళ్లీ ఆయన్ను చూసేసరికి కుడి చెయ్యి, కాలు పడిపోయి ఉన్నాయి. బీపీ మాత్ర మానడం వల్లే పక్షవాతం వచ్చిందని నేను ప్రమాణం చేయలేను. మా మాట మీద నమ్మకం పోయి మానాడని మాత్రం ఆయనే నాకు వంకర నోటితో చెప్పాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని పెద్ద డాక్టరుతో "నేను చెప్పే ఇస్తాను సార్" అన్నాను. ఆయన అలిగాడు. అలగనీ అనుకున్నాను.

శెట్టిని కూర్చోబెట్టి దాచకుండా చెప్పాను. ఇది సముద్రపు చేప నుంచి తీసి, శుద్ధి చేసిన నూనె. పైనున్న మెత్తటి తొడుగు కూడా జంతువు నుంచి వచ్చిందే. అవిసె గింజలు తింటే సరిపోదా అంటే, మంచి తిండే గాని ఈ పని చేయలేదు. చేప పడని ఒళ్లా, దద్దుర్లొస్తాయా అని నేనడిగితే "పడేదీ లేందీ నాకెట్ల తెలుస్తాదమ్మా, పుట్టినప్పటి నుంచీ తింటే గదా" అన్నాడు. న్యాయమే. అందుకే మొదటి క్యాప్సూల్ నా ఎదుటే మింగించి, కాసేపు బయట బల్ల మీద కూర్చోబెట్టాను. నెత్తురు పలుచన చేసే మందులేమైనా వాడుతున్నాడా అని అడిగాను, లేదన్నాడు. ఇకమీద పన్ను పీకించుకున్నా, ఏ ఆపరేషన్ అయినా ఈ మందు సంగతి ముందు చెప్పాలన్నాను. కొరకొద్దు, కోయొద్దు, రెండు పూటలా అన్నంతోపాటు మింగు అని రాసిచ్చాను. గుండె దడదడలాడితే ఆగకుండా రమ్మని చెప్పడం నేను చాలా తర్వాత నేర్చుకున్నాను, ఈ మందుతో కొందరికి గుండె లయ తప్పవచ్చని మా కాలంలో తెలియదు. మీరు మొదటి రోజే చెప్పండి.

శెట్టి భార్య వైపు చూశాడు.

"మింగుతా. మా యమ్మకు మాత్రం నేనే చెప్పుకుంటా" అన్నాడు.

డబ్బా చూపించు

కొన్ని నెలలయ్యాక మళ్లీ నెత్తురు పరీక్ష చేశాం. ఏమీ కదల్లేదు. గొట్టంలో పైన నిలిచిన నీరు ఇంకా మసకగానే ఉంది.

పెద్ద డాక్టరు చూసి "మోతాదు పెంచు, లేదా హైదరాబాదు పంపించు. నిజం చెప్పి ఏం సాధించినావు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మందు పని చేయకపోతే మోతాదు పెంచడం మన వృత్తికి పట్టిన జబ్బు. ముందు ఆ మందు లోపలికి పోతోందో లేదో చూడాలి కదా.

మొదట డబ్బా తెమ్మన్నాను. దానికి కారణం గోస్పాడు నుంచి వచ్చే ఒక బడిపంతులు. ఆయనకూ ఇదే మందు రాశాను. మందుల షాపులో అది లేదని, చేప నూనే కదా అని పిల్లల బలానికి ఇచ్చే చేప కాలేయం నూనె గుళికలు చేతిలో పెట్టారు. అవి చిన్నవి. పంతులు లెక్కల మనిషి, నేను రాసిన బరువుకు సరిపోయేలా గుప్పిళ్లకొద్దీ మింగాడు. కొవ్వు తగ్గలేదు సరికదా తలపోటు పట్టుకుంది, పెదాలు పగిలాయి, అరచేతుల చర్మం పొరలుగా ఊడింది. కాలేయం నూనెలో విటమిన్ ఎ దండిగా ఉంటుంది, ఎక్కువైతే విషం. ఆపించాక నెమ్మదిగా కోలుకున్నాడు. చేప నూనె వేరు, చేప కాలేయం నూనె వేరు. బలానికని షాపులో అమ్మేది వేరు, డాక్టరు రాసే శుద్ధి చేసిన మందు వేరు. పేరులో చేప ఉన్నంత మాత్రాన అన్నీ చుట్టాలు కావు.

శెట్టి డబ్బా సరైనదే. పరగడుపునే పరీక్షకు వచ్చానన్నాడు, నిజమే. షుగరు అదుపులోనే ఉంది. ఇంట్లో నెయ్యి గిన్నె ఎత్తేశామని సుశీలమ్మ ఒట్టు పెట్టింది. ఒక్క రోజు కూడా మాత్ర తప్పలేదని శెట్టి పంతంగా అన్నాడు. అబద్ధమాడే ముఖం కాదు అది.

"ఎట్ల మింగుతాండావో చూస్తా. వచ్చే వారం మీ ఇంటికే వస్తాండా" అన్నాను.

"ఇంటికెందుకమ్మా? మింగేది గూడా చూడాల్నా?" అన్నాడు. కొంచెం కంగారు పడ్డాడు. ఆ కంగారు చూశాక ఇక వెళ్లకుండా ఎట్లా ఉంటాను?

పెరట్లో

ఆ వారం నంద్యాల నుంచి తెల్లారగానే బస్సెక్కాను. తలుపు తీసిన సుశీలమ్మ నన్ను చూసి పక్క సందు వైపు చెయ్యి చూపించింది. పెరట్లోకి పోయాను. స్నానాల గది గోడకు బయటివైపు ఒక మేకు, మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి, సంచిలో నేను రాసిన మందు. తుండు చుట్టుకుని నిలబడ్డ రంగయ్య శెట్టి చెంబుతో స్నానం నీళ్లు ముంచుకుని క్యాప్సూళ్లు ఒకదాని వెంట ఒకటి మింగుతున్నాడు. నన్ను చూసి తుండు గట్టిగా బిగించుకున్నాడు.

"ఏం చేస్తాండావ్ శెట్టీ?"

"మీ మందే గదమ్మా, మింగుతాండా."

"అన్నం తిన్యావా?"

"ఇంగా స్నానమే కాలేదు, అన్నం యాడిదమ్మా? పూజ గావాల, అంగడి తెరవాల. పది దాటినాక తింటా."

"అన్నంతో మింగమని చెప్తి గదప్పా!"

"అన్నంలోకి చేప ఎట్ల తెచ్చేదమ్మా? ఇప్పుడు మింగి తలకు పోసుకుంటే పోతాది. రెండు పూటలూ యాడ తలకు పోసుకునేదని, అన్నీ పొద్దున్నే మింగుతాండా."

"ఒళ్లు కడుగుతాండావు, సరే. కడుపులోకి చెంబు యాడ నుంచి పెడతావు?"

శెట్టి తల వంచుకున్నాడు. నాకు కోపం వచ్చింది, వెంటనే జాలి వచ్చింది. పుట్టినప్పటి నుంచీ పాటించిన ఆచారాన్ని, నా మాటను రెండింటినీ నిలబెట్టాలని ఆ మనిషి చలికాలంలో కూడా చన్నీళ్లు పోసుకున్నాడు. మందు మానేసిన రోగిని పట్టుకోవడం తేలిక. శ్రద్ధగా తప్పు చేసే రోగిని పట్టుకోవడమే కష్టం. పరగడుపున మింగితే ఆ నూనెలో చాలా భాగం ఒంటికి పట్టదు. భోజనంలోని కాస్త కొవ్వుతో కలిస్తేనే పేగులు దాన్ని లోపలికి తీసుకుంటాయి. పైగా ఖాళీ కడుపున చేపవాసన తేన్పులు వస్తాయి. ఆ తేన్పులు గిరాకీల ముక్కుకు తగలకుండా శెట్టి అంగడిలో రోజంతా లవంగాలు నమిలేవాడట. అదీ నాకు చెప్పలేదు.

"యవర్రా పెరట్లో?" అంటూ శెట్టి తల్లి వచ్చింది. పేరు రామలక్షుమ్మ. సన్నగా, నిటారుగా ఉన్న ముసలావిడ. కొడుకుకు రోజూ తన చేత్తోనే అన్నం పెట్టి, వాడు తిన్నాకే తాను తింటుంది. ఆ ఇంట్లో అది నియమం.

అక్కడే నిలబడి అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"బయట మింగుతానంటే ఒప్పుకున్యా. నా వంటింట్లో, నేను పెట్టే అన్నంలో చేపా? నేను బతికుండంగా కాదు తల్లీ. నీ మందు యాడైనా మింగనీ, నా కంచం కాడ వద్దు."

"అవ్వా, మందు కూర కాదు."

"చేప చేపే గదా."

నిజమే. చేప చేపే. చెప్పి మింగిస్తానని పంతం పట్టినదాన్ని, ఇప్పుడు కాదని ఎట్లా అంటాను? శెట్టి తుండుతోనే నిలబడి తల్లినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు సుశీలమ్మ ముందుకొచ్చింది. అత్త ఎదుట ఆమె గొంతు పెంచడం అంతకు ముందెప్పుడూ లేదని తర్వాత తెలిసింది.

"అత్తా, కర్నూల్లో ఆయప్ప పక్కన నేనుంటి. నువ్వు చూడలేదు. నొప్పికి గోడకు తల కొట్టుకుంటాండె. నీళ్లు నీళ్లు అని అడుగుతాంటే దూదితో పెదాలు తడిపినా గానీ చుక్క పొయ్యలేకపోతి. మళ్ల ఆ మంచం కాడ నేను కూచోలేను. నీ వంటిల్లు నీకే ఉండనీ. క్యారియర్ కట్టి అంగడికి పంపిస్తా. ఆయప్ప ఆడ్నే తింటాడు, ఆడ్నే మింగుతాడు."

రామలక్షుమ్మ కోడలిని చూసింది. "అంగట్లోనా? నా చేత్తో తినకుండానా?" అంది. ఆ గొంతులో కోపం లేదు.

ఆమె తిరిగి లోపలికి పోయింది. నేను క్లినిక్‌కు నడిచిపోతూ, ఒక ప్రాణం కోసం ఒక తల్లి నోటి దగ్గర ముద్ద లాగేశానా అని బాధపడ్డాను. బాధపడ్డాను గాని వెనక్కి పోయి "పోనీలే" అనలేదు. ఈ వృత్తిలో బాధపడవచ్చు, పట్టు మాత్రం వదలకూడదు.

అంగట్లో అన్నం

క్యారియర్ అంగడికి పోవడం మొదలైంది. పొద్దున భోజనంతో సగం, రాత్రి అంగడి మూసే ముందు తినే భోజనంతో సగం. ఏకాదశి ఉపవాసం నాడు ఎట్లా అని శెట్టి కబురు చేశాడు. ఏమీ తినని పూట మింగొద్దు, ఫలహారం తిన్నప్పుడు దాంతో మింగు, మర్నాడు రెండు రోజులవి కలిపి మాత్రం మింగొద్దు అని తిరుగు కబురు పంపాను. ఇట్లాంటి ప్రశ్న రోగి అడిగితే సంతోషించండి, మీరు చెప్పింది తలకెక్కిందని అర్థం.

మళ్లీ పరీక్ష రోజు వచ్చింది. ఫలితం కాగితం తీసుకుని శెట్టి, సుశీలమ్మ వచ్చారు. వాళ్ల వెనక రామలక్షుమ్మ. నా క్లినిక్ గడప ఆమె తొక్కడం అదే మొదలు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

కాగితం చూశాను. ప్రమాదం గీత కంటే బాగా కిందికి దిగింది. చెడ్డ కొలెస్ట్రాల్ మాత్రం రవ్వంత పెరిగింది. ఈ మందుతో కొందరికి అట్లా అవుతుంది, దాన్ని కూడా కనిపెట్టుకుని ఉండాలి. బాగా దిగిందని ముగ్గురికీ చెప్పాను. సుశీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్క పూట గూడా తప్పలేదు గదా?" అని శెట్టిని అడిగాను.

"తప్పనిస్తే గదమ్మా, మా యమ్మ?" అన్నాడు.

నేను అర్థం కాక సుశీలమ్మ వైపు చూశాను. ఆమె చెప్పింది. క్యారియర్ పోతున్న మొదటి రోజుల్లో అత్త సరిగా అన్నం ముట్టలేదట. తర్వాత ఒకరోజు పొద్దున క్యారియర్ తానే పట్టుకుని అంగడికి నడిచిందట. అప్పటి నుంచి రెండు పూటలా కందిపప్పు మూటల మధ్య పీట వేసుకుని, కొడుకుకు విస్తరి పరిచి వడ్డిస్తోంది. నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపి, "ఏదీ, ఆ గోలీ మింగు" అంటుంది. మింగేటప్పుడు తాను మొహం అటు తిప్పుకుంటుంది. మింగాక మిగతా అన్నం పెడుతుంది. ఇంటికొచ్చి తలకు పోసుకుని, అప్పుడు తాను తింటుంది.

"రోజుకు రెండుసార్లా అవ్వా?" అన్నాను.

"వాడు పోసుకునేది నేను పోసుకుంటాండా. అంతే గదా" అంది.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, కాగితం మీద తనకు చదవడం రాని అంకెలను వేలితో తడిమింది.

"ఇది ఇంగ ఎన్నాళ్లు మింగాల తల్లీ?"

అబద్ధం చెప్పే అవకాశం అప్పుడు కూడా ఉంది. కొన్నాళ్లే అవ్వా, అంటే సరిపోయేది.

"పరీక్షలు చూస్తా ఉంటాం అవ్వా. నాకు తెలిసి మాత్రం బతికినన్నాళ్లూ మింగాల్సి రావచ్చు" అన్నాను.

ఆమె కొడుకును చూసింది.

"అయితే నేనూ అన్నాళ్లుండాల" అంది. "వానికి పెట్టేకి."